స్విచ్ కట్టేసే ముందు

ఆగస్టు 11, ఉదయం

బోర్డు మళ్ళీ లేవలేదు.

ఆగస్టు 11, సాయంత్రం

పొద్దున కోపంలో ఒక్క లైను రాసి పెన్ను విసిరేశాను. ఇప్పుడు సావకాశంగా రాస్తాను.

నా తమ్ముడు ఆల్టన్ పడవలో, స్టీరింగ్ పక్కన, నేనొక డబ్బా బిగించాను. లంచ్ బాక్సంత ఉంటుంది. లోపల అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు, దాన్ని నడిపేది చిన్న లినక్స్. ఆల్టన్ మణికట్టుకి ఒక ట్యాగ్. ట్యాగ్ పడవకి దూరమైతే, అంటే మనిషి నీళ్ళలో పడితే, డబ్బా ఇంజిన్ ఆపేస్తుంది, హారన్ మోగిస్తుంది, నా ఫోనుకీ పక్కింటి వెండెల్ ఫోనుకీ మెసేజ్ కొడుతుంది. పడవ ఎక్కడుందో ఎప్పటికప్పుడు మెమరీ కార్డు మీద రాసుకుంటుంది. అంతే దాని ఉద్యోగం.

మార్చిలో ఆల్టన్ భార్య, మా మరదలు గ్లెండా పోయింది. ఏప్రిల్‌లో ఆల్టన్ లాబ్‌స్టర్ వేటకి ఒక్కడే వెళ్ళడం మొదలుపెట్టాడు. పాత పనివాడు సొంత పడవ కొనుక్కుని వెళ్ళిపోయాడు. ఇంకొకణ్ణి పెట్టుకోరా అంటే, రోజంతా పక్కన మనిషి మాటలు వినే ఓపిక లేదన్నాడు. లాబ్‌స్టర్లని పట్టడానికి సముద్రంలోకి దించే బోను తాడు కాలికి చుట్టుకుంటే మనిషిని రెప్పపాటులో లాక్కుపోతుంది. అమెరికాలో ఈ మెయిన్ రాష్ట్రం తీరంలో ఖాళీ పడవ గుండ్రంగా తిరుగుతూ కనిపించిందంటే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. అందుకే పేపర్ మిల్లు కంట్రోల్ రూములో రిటైరైన నేను, రెండు వారాలుందామని వచ్చి, ఇంకా ఇక్కడే ఉన్నాను.

ఆగస్టు 12

డబ్బా తెచ్చి వంటింటి బల్ల మీద విప్పాను. తప్పు డబ్బాది కాదు. తమ్ముడిది.

పడవ దిగే ముందు వాడు మెయిన్ స్విచ్ కట్టేస్తాడు. బ్యాటరీ నుంచి అన్నిటికీ కరెంటు ఇచ్చే ఎర్ర పిడి అది. టక్. కార్డు మీద ఏదో రాసుకుంటున్న బోర్డు సగం మాటలో చచ్చిపోతుంది. మర్నాడు పొద్దున లేచి, కార్డు దెబ్బతింది, బాగు చేయమంటారా అని అడుగుతుంది. ఎవర్ని? పడవలో కీబోర్డు లేదు, స్క్రీన్ లేదు. మూసిన డబ్బాలో కూర్చుని రోజంతా అదే ప్రశ్న. ఆల్టనేమో కాపలా ఉందనుకుని సముద్రం మీదికి పోతాడు.

మిల్లులో పేపర్ మెషీన్ ఆపాలంటే ఒక వరస ఉండేది. ముందు గుజ్జు ఆపాలి, తర్వాత ఆవిరి, ఆ తర్వాత రోలర్లు. ఒక్క పిడి లాగేసి ఇంటికి పోయేవాడికి మర్నాడు ఉద్యోగం ఉండేది కాదు. లినక్స్‌లోనూ అంతే. init అని ఒకటుంటుంది, పెద్దకోడలి లాంటిది. అందరికంటే ముందు తను లేచి, మిగతావాళ్ళని వరసగా లేపుతుంది. ఆపేటప్పుడు ఒక్కొక్కర్నీ పడుకోబెట్టి, చేతిలో ఉన్న రాతకోతలన్నీ ముగించి, తలుపులకి గడియలు పెట్టి, ఆఖర్న తను పడుకుంటుంది. దీనికంతా ఓ పది పన్నెండు సెకన్లు కావాలి. నా తమ్ముడు సెకను కూడా ఇవ్వడు.

రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. డబ్బాకి ఒక బటన్ పెట్టాను, అది నొక్కు, ఆకుపచ్చ లైటు ఆరేదాకా ఆగు, అప్పుడు స్విచ్ కట్టెయ్. చేపల సూప్ తాగుతూ తల ఊపాడు. వాడు తల ఊపాడంటే వినలేదని అర్థం. గ్లెండా పెళ్ళైన కొత్తలోనే నాకీ సంగతి చెప్పింది.

ఆగస్టు 13

నొక్కలేదు.

ఆగస్టు 14

నొక్కాడట. ఆగలేదట.

ఆగస్టు 18

పడవలో నీళ్ళు తోడే పంపుకి స్విచ్‌తో సంబంధం లేకుండా బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు వస్తుంది కదా, డబ్బాకి కూడా అలాగే ఇస్తే గొడవ వదులుతుంది కదా అన్నాను. చెంచా కింద పెట్టేశాడు.

నేను అడగకుండా ఉండాల్సింది. నాన్న పడవ రేవులోనే, నీళ్ళ మీద తేలే బోయాకి కట్టి ఉండగానే తగలబడిపోయింది. రేడియో ఆపడం మర్చిపోయాడు, ఎక్కడో తీగ వేడెక్కింది. మేమిద్దరం కిటికీలోంచి చూశాం. ఆల్టన్ చాలా చిన్నవాడు, నా గౌను పట్టుకుని నిలబడ్డాడు.

"స్విచ్ కట్టేశాక నా పడవలో ఆ పంపు తప్ప ఇంకేదీ బతికుండకూడదక్కా" అన్నాడు.

సరే అన్నాను. ఆ మంట నేనూ చూశాను కదా.

కరెంటు పోయాక కూడా బోర్డుని కాసేపు నిలబెట్టే కెపాసిటర్లుంటాయి. ఆర్డర్ పెట్టాను. స్టాక్ లేదు, అక్టోబరులో పంపుతామన్నారు. అందాకా నా తిప్పలు నేను పడాలి.

ఆగస్టు 20

నిన్న రాత్రి inittab, అంటే init చూసుకునే పనుల జాబితా, మళ్ళీ రాశాను. కాపలా ప్రోగ్రామ్ ఎప్పుడు పడిపోయినా init దాన్ని వెంటనే లేపాలి, దానికొక లైను. పొద్దున కార్డు దెబ్బతిని ఉంటే ఎవర్నీ అడక్కుండా బాగు చేసుకోవాలి, దానికొక లైను. లేచాక నా ఫోనుకి "సిద్ధం" అని మెసేజ్ పంపాలి, అదొకటి.

పొద్దున మెసేజ్ వచ్చింది. కాఫీ రెండు కప్పులు తాగాను, ఒకటి నా భుజం నేనే తట్టుకోవడానికి.

ఆగస్టు 26

ఆ రెండో కప్పుని డబ్బా కక్కించేసింది ఇవాళ.

కార్డుని తనే బాగు చేసుకుంటూ, పాడైన ముక్క ఏదో అవతల పారేసింది. ఆ ముక్కలో ట్యాగ్ నంబరుంది. డబ్బా లేచింది, లైటు వెలిగింది, "సిద్ధం" అంది. కానీ ఎవరికి కాపలా కాస్తోందో దానికే తెలియదు. సాయంత్రం పడవ దగ్గరికి వెళ్ళి చూస్తేగానీ బయటపడలేదు. వాడు రోజంతా బోనులు లాగాడు, ఆ లైటుని నమ్ముకుని.

నంబరుని ఎవరూ ముట్టుకోని చోటికి మార్చాను. వాడికి చెప్పాను. పర్లేదులే, లైటు బాగానే వెలిగింది కదా అన్నాడు. గరిటె పెట్టి కొట్టాలనిపించింది.

ఆగస్టు 30

ఇవాళ కార్డే చచ్చింది. కొత్త కార్డు వేశాను. ఇది ఎన్నాళ్ళో.

ఇంజిన్ ఆగగానే షట్‌డౌన్ మొదలుపెట్టొచ్చు కదా అన్నాడు వెండెల్. ఆయనకి లినక్స్ తెలియదు గానీ సలహాలకి లోటు లేదు. ఎలా కుదురుతుంది? రేవుకి వచ్చి ఇంజిన్ ఆపాక ఆల్టన్ చాలాసేపు డెక్ కడుగుతాడు, అంచు మీదికి వంగి బకెట్ ముంచుతాడు. ఇల్లు కనబడుతుంటేనే మనిషి ఏమరుపాటుగా ఉంటాడు. అప్పుడే కాపలా పడుకుంటే ఎలా? అలాగని మరీ ఆలస్యం చేస్తే స్విచ్ పడిపోతుంది. వాడు చేసే ఆఖరి పనికి ముందు పని ఏదో నాకు తెలియాలి.

సెప్టెంబరు 3

తెలుసుకోడానికి వాడితో పడవెక్కాను. పొద్దుటి నుంచీ కక్కుకున్నాను. ఆ వివరాలు వద్దు.

సాయంత్రం రేవులో పడవ కట్టాక, మిల్లులో ఆపరేటర్ల చేతులు చూసినట్టు వాడి చేతులే చూస్తూ కూర్చున్నాను. ఇంజిన్ ఆపాడు. డెక్ కడిగాడు. రబ్బరు ప్యాంటు విప్పి మేకుకి తగిలించాడు. కత్తి కడిగి ఒరలో పెట్టాడు. తర్వాత రేడియో మైకు తీసుకుని బటన్ నొక్కాడు.

"గ్లెండా, రేవుకొచ్చేశా. వస్తున్నా."

బటన్ వదిలాడు. మైకు చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. అంతవరకూ రేడియోలో పది పడవల వాళ్ళు ఎర ధర గురించి తిట్టుకుంటున్నారు. ఇప్పుడు ఒక్కరి గొంతూ లేదు. వాడలాగే నిలబడ్డాడు. తర్వాత మైకు తగిలించి, రేడియో ఆపి, స్విచ్ కట్టేశాడు. టక్. నేనక్కడ ఉన్నానన్న సంగతే మర్చిపోయాడేమో.

పడవలో ఏడవలేదు. ఇంటికొచ్చి బంగాళాదుంపల తొక్క తీస్తూ ఏడ్చాను. వంటింటి అలమార మీద, గ్లెండా పడవకి జవాబిచ్చిన రేడియో ఉంది, గుడ్డ కప్పి. తీగ పీకేసి ఉంది. మార్చి నుంచి దాన్నెవరూ ముట్టుకోలేదు.

సిగ్గుగా ఉంది గానీ రాస్తాను. దుంపలు పొయ్యి మీద పెడుతుండగా ఇంకో ఆలోచన వచ్చింది. వాడలా నిలబడ్డ సేపు పన్నెండు సెకన్ల కంటే ఎక్కువే.

సెప్టెంబరు 4

వెండెల్‌ని అడిగాను. రేవంతటికీ తెలుసట. ఏప్రిల్ నుంచి రోజూ పిలుస్తున్నాడట. ఆ కాసేపు ఎవరూ రేడియోలో మాట్లాడరట. అలా అని ఎవరూ అనుకున్నది కాదు, దానంతటదే అయింది అన్నాడు. నాకు తెలియదని ఆయన అనుకోలేదట.

సెప్టెంబరు 5

రేడియో తీగకి ఒక చిన్న సెన్సర్ తగిలించాను. పడవ బోయా దగ్గరుండి, ఇంజిన్ ఆగి ఉండి, మైకు బటన్ నొక్కితే, init షట్‌డౌన్ మొదలుపెడుతుంది.

ఆల్టన్‌తో వేరే ఏదో రిపేరు అని చెప్పాను. దొంగతనం చేసినట్టుంది. పోయిన మనిషి జవాబు కోసం వాడు ఆగే సేపులో నా పని కానిస్తున్నాను. కానీ ఇంకో మనిషిని పోగొట్టుకునే ఓపిక నాకు లేదు.

సెప్టెంబరు 6

సిద్ధం.

సెప్టెంబరు 19

రోజూ సిద్ధం. కార్డు మీద ఒక్క గీత లేదు. ఇంత శుభ్రమైన షట్‌డౌన్లు మిల్లులో కూడా చూడలేదు. సంతోషించాలో లేదో తెలియడం లేదు.

సెప్టెంబరు 24

ఆల్టన్ ఇవాళ రెండుసార్లు వడ్డించుకున్నాడు. వెండెల్ గడ్డం మీద జోకు వేశాడు, తనే నవ్వాడు. ప్లేటు సింకులో పెడుతూ, నావైపు చూడకుండా అన్నాడు.

"ఇవాళ గ్లెండాని పిలవలేదక్కా. పిలవాలనిపించలేదు."

మంచిదిరా అన్నాను. నిజంగానే మనసు తేలికపడింది. గిన్నెలు సగం తోమాక డబ్బా గుర్తొచ్చింది. అప్పుడు చెప్పడానికి నోరు రాలేదు. కొత్త కార్డే కదా, ఒక్క రోజుకి తట్టుకుంటుందిలే అనుకున్నాను.

సెప్టెంబరు 25

మెసేజ్ రాలేదు. బయట పొగమంచు, ఎదురిల్లు కూడా కనబడటం లేదు. వాడు తెల్లవారకముందే వెళ్ళిపోయాడు. ఫోను ఎత్తడు.

అలమార మీది గుడ్డ తీశాను. రేడియోకి తీగ పెట్టాను, అది బతికే ఉంది. మైకు పట్టుకుని వాణ్ణి పిలిచాను. డబ్బా లేవలేదు, వెనక్కి రా అన్నాను. తర్వాత, ఎక్కణ్ణుంచి మాట్లాడుతున్నావక్కా అని మెల్లగా అడిగాడు. వంటింట్లోంచి అన్నాను. వస్తున్నానన్నాడు.

వచ్చాడు. బల్ల దగ్గర కూర్చోబెట్టి మొత్తం చెప్పేశాను, సెన్సరు, మైకు, వాడు ఆగే సేపు, అన్నీ. వాడి ముఖం చూడలేక ఉప్పుడబ్బా వైపు చూస్తూ చెప్పాను.

"అంటే నేను గ్లెండాని మర్చిపోతే నా కాపలా పోతుందన్నమాట" అన్నాడు.

మర్చిపోతే అనకు, పిలవకపోతే అన్నాను. లేచి బయటికి వెళ్ళి కట్టెలు కొట్టాడు. చలికాలానికి సరిపడా కొట్టాడు.

సెప్టెంబరు 26

వేటకి వెళ్ళలేదు. కొత్త కార్డు వేశాను. ఆ సెన్సరు తీసేస్తానని చెప్పాను. తల కూడా ఊపలేదు.

సెప్టెంబరు 27

పొద్దున వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగాడు. సెన్సరు ఉండనియ్యి అన్నాడు. రేడియో మీద మళ్ళీ గుడ్డ కప్పకు అన్నాడు.

సాయంత్రం దుంపలు పొయ్యి మీద ఉండగా రేడియో గరగరమంది.

"అక్కా, రేవుకొచ్చేశా. వస్తున్నా."

చేతులు తుడుచుకోకుండానే మైకు అందుకున్నాను. రా, దుంపలు ఉడుకుతున్నాయన్నాను. లైటు ఆరిందా అని అడిగాను. ఇంకా లేదన్నాడు. ఇద్దరం ఊరికే ఆగాం. రేవంతా మాతో పాటు ఆగింది, నాకు తెలుసు. ఆరింది, స్విచ్ కట్టేస్తున్నా అన్నాడు. అప్పుడు వెండెల్ గొంతు దూరింది, తనకీ ఒక ప్లేటు పెట్టమని. ఆరు నెలల్లో ఆ సమయంలో రేడియోలో వినపడ్డ మొదటి బయటి మనిషి ఆయనే. వచ్చాడు కూడా. మాకు దుంపలు తక్కువయ్యాయి.

అక్టోబరు 14

కెపాసిటర్లు వచ్చాయి. బిగించాను. పదిసార్లు స్విచ్ కట్టి చూశాను, కరెంటు పోయాక బోర్డు తన పని ముగించుకుని హాయిగా పడుకుంటోంది. మైకు సెన్సరు పీకేశాను.

రాత్రి వాడికి విడమరచి చెప్పాను. ఇక లైటు చూడక్కర్లేదు, ఆగక్కర్లేదు, ఎవర్నీ పిలవక్కర్లేదు, దిగేటప్పుడు టక్‌మని కట్టేసి రావచ్చు. సూప్ తాగుతూ తల ఊపాడు.

అక్టోబరు 15

పిలిచాడు.