మా అమ్మమ్మ శీతాకాల ప్రయాణానికి భద్రతా నిబంధనలు

సాస్కటూన్,
1986 నవంబరు 18.

పరమ పూజ్యురాలైన అమ్మమ్మ యుస్టీనా గారి సన్నిధికి, మనవడు మార్కియన్ వంగి వంగి నమస్కరించి రాయునది.

ఈ ఉత్తరం రాస్తున్నందుకు ముందుగా క్షమాపణలు. ఉత్తరానికొక్కదానికే కాదు. మన సాస్కచ్వాన్‌లో చలి మైనస్ ముప్ఫైకి దిగుతున్నందుకు, మనకీ డోకియా చిన్నమ్మమ్మకీ మధ్య రాకీ పర్వతాలు అడ్డంగా నిలబడ్డందుకు, జనవరిలో వాటి మీద మంచు కురుస్తున్నందుకు, చక్రం గుండ్రంగా పుట్టి జారుతున్నందుకు, అన్నిటికీ నేనే బాధ్యుణ్ణి. నా ఇరవై రెండేళ్ళ పాపపు జీవితాన్ని తల్చుకుని సిగ్గుతో కుంగిపోతూ మన్నింపు కోరుతున్నాను.

మన్నించావు కనక విషయానికొస్తాను. నువ్వు ఫోన్లో చెప్పింది అమ్మ నాకు చెప్పింది. తాత పోయాక రెండేళ్ళుగా షెడ్డులో నిద్రపోతున్న మోటార్‌హోమ్‌ని బయటికి లాగుతావట. వెనక ట్రైలర్ తగిలించి, పల్చటి పిండిలో కూర పెట్టి ఉడకబెట్టే మన పిరోహీలు దాని నిండా నింపుతావట. పదిహేను వందల కిలోమీటర్లు దొర్లుకుంటూ వెళ్ళి, జనవరి ఆరున, మన పాత క్యాలెండరు క్రిస్మస్ పండగ ముందు రాత్రి భోజనానికి ఒకానగన్ లోయలో చిన్నమ్మమ్మ ఇంటి ముందు దిగుతావట. తోలేది మీ ఊళ్ళో డెబ్భై రెండేళ్ళ ఓలెక్సా తాతట! ఆయన తోలింది స్కూలు బస్సేనని, అదీ మన ఊరి పొలాల మధ్యేనని అమ్మ గుర్తు చేయమంది. "నువ్వు కాలేజీలో బండ్ల ఇంజనీరింగు చదివి ఏం లాభంరా? ఆవిడ మానుకునేట్టు ఏదైనా రాయి" అని నా ముందు కాగితం పెట్టి వెళ్ళింది.

కాబట్టి భద్రతా నిబంధనలు రాస్తున్నాను. ట్రైలర్‌లో బరువు ముందువైపు ఎక్కువ, వెనక తక్కువ ఉండాలి. లేకపోతే అది తోక ఊపుతుంది, దాంతోపాటు మీరూ ఊగుతారు. తూకం వేయించి కాగితం నాకు పంపాలి. ప్రతి వంద కిలోమీటర్లకీ ఆగి చక్రాల నట్లు బిగించాలి. ట్యాంకులో పెట్రోలు సగానికి తగ్గకూడదు. పార, ఇసుక, కొవ్వొత్తులు, దుప్పట్లు తప్పనిసరి. లోపల గ్యాసు పొయ్యి వెలిగిస్తే కిటికీ కాస్త తెరవాలి. కనుమ ఎక్కేముందు చక్రాలకి గొలుసులు తొడగాలి, ఎలాగో బొమ్మ గీసి జత చేశాను. డెబ్భై దాటిన డ్రైవరు తనకన్నా పెద్దవాళ్ళు ఇద్దరి చేత అనుమతి సంతకం పెట్టించాలి. బండి కదులుతున్నప్పుడు డ్రైవరుతో మాట్లాడకూడదు. బయల్దేరే ముందు నాలుగు రోజులు పెరట్లోనే ఆ బండిలో కాపురం చేసి చూడాలి.

ఇట్లు, తమ విధేయుడు
మార్కియన్

తా.క.: ఇందులో ఏ ఒక్కటి కుదరకపోయినా ప్రయాణం మానుకోవడమే మేలని నిపుణుల అభిప్రాయం. నిపుణులంటే అమ్మ.


జోర్యా గ్రామం,
నవంబరు 30.

యేసుక్రీస్తుకు మహిమ.

చిరంజీవి మార్కియన్‌కి అమ్మమ్మ ముద్దులు. నీ ఉత్తరం చదివి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. మన వంశంలో ఇంత బాధ్యత తెలిసిన మగపిల్లవాడు నువ్వే మొదలు. మీ తాత ఉంటే నమ్మేవాడు కాదు.

నేనెందుకు వెళ్తున్నానో మీ అమ్మ నీకు సరిగ్గా చెప్పి ఉండదు. పదకొండేళ్ళ కిందట మీ పిన్ని పెళ్ళిలో, మూడు వందల మంది ముందు, డోకియా నా పిరోహి ఒకటి కొరికి "అక్క పిండి మందం" అంది. అంతే, అప్పట్నించీ మాటల్లేవు. పోయిన నెల తనే ఉత్తరం రాసింది. కళ్ళు మసకబారుతున్నాయట. వచ్చే వేసవికి మనుషుల మొహాలు ఆనకపోవచ్చని డాక్టరు చెప్పాడట. నా మొహం దానికి కనిపించాలి కదరా, తిట్టడానికైనా! అందుకే ఈ పండక్కే వెళ్ళాలి. మీ అమ్మ విమానం ఎక్కమంటుంది. రెండు వేల నాలుగొందల పిరోహీలు ఒళ్ళో పెట్టుకోనిస్తారా విమానంలో? చర్చి ఆడవాళ్ళం వారంపాటు కూర్చుని చేశాం. ఒక్కోటీ అద్దంలా పల్చగా ఉంది. బయట చలే మా ఫ్రిజ్జు.

నీ నిబంధనలన్నీ వంటగది గోడకి అంటించాను. తూకం అన్నావు కదా, ట్రైలర్‌ని ధాన్యం గోదాముకి తీసుకెళ్ళి గోధుమలారీలు తూచే కాటా మీదే ఎక్కించాం. బరువు ముందుకి లేదని గోదాము అబ్బాయి నా పెట్టెలన్నీ దింపించి మళ్ళీ సర్దించాడు. తర్వాత వాళ్ళ మామూలు రసీదు రాసిచ్చాడు. "సరుకు: పిరోహి. గ్రేడు: ఒకటి. తేమ: తక్కువ. చెత్త: లేదు" అని. దాన్ని పటం కట్టించాను. డోకియాకి చూపిస్తాను.

సంతకాల సంగతి. ఓలెక్సా కన్నా పెద్దవాళ్ళు ఊళ్ళో ఇద్దరే. ఒకాయనకి వినపడదు కాబట్టి వెంటనే పెట్టాడు. రెండో ఆయన తనూ వస్తానన్నాడు. చోటు లేదని చెప్పి పంపేశాం.

నీ అమ్మమ్మ
యుస్టీనా

తా.క.: పెరట్లో కాపురం మొదలెట్టాను. హాయిగా ఉంది. పాదిరిగారు కాఫీకి వచ్చి వెళ్ళనన్నారు.


సాస్కటూన్,
డిసెంబరు 7.

అమ్మమ్మా,

నేను ఇంత దూరం ఆలోచించలేదు. గోడకి అంటిస్తావనుకోలేదు.

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. "పాదిరిగారు కూడానా" అని కుర్చీలో కూలబడింది. తర్వాత "ఇంకా గట్టివి రాయరా" అంది. సరే, రాస్తున్నాను. అసలు ప్రయాణానికి ముందు నమూనా ప్రయాణం ఒకటి చేయాలి. కనీసం పది కిలోమీటర్లు, పూర్తి బరువుతో, మంచు మీద. ట్రైలర్‌ని వెనక్కి నడపడం కూడా సాధన చేయాలి. వెనక్కి నడిపేటప్పుడు స్టీరింగు కుడికి తిప్పితే ట్రైలర్ ఎడమకి పోతుంది. ఈ సంగతి ఓలెక్సా తాతకి చెప్పు. చెబితే ఆయనే మానుకుంటాడేమోనని అమ్మ ఆశ.

ఆ రసీదు చిన్నమ్మమ్మకి చూపించకు. ఇది నిబంధన కాదు, మనవి. పదకొండేళ్ళకి కలిసి పటం చూపిస్తే ఇంకో పదకొండేళ్ళు పడుతుంది.

నీ
మార్కియన్

తా.క.: పాదిరిగారు ఇంకా అక్కడే ఉన్నారా?


జోర్యా గ్రామం,
డిసెంబరు 16.

యేసుక్రీస్తుకు మహిమ.

నాయనా మార్కియన్,

పాదిరిగారు వెళ్ళారు. ఆదివారం ప్రార్థన ఉంది కదా, తప్పలేదు.

నమూనా ప్రయాణం అయింది. నువ్వు చెప్పినట్టు బోలెడు విషయాలు తెలిశాయి. మొదటిది, చలికి ఇంజను గడ్డకట్టకుండా రాత్రంతా కరెంటుకి తగిలించి ఉంచుతాం కదా, ఆ తీగ ఊడదీయకుండానే ఓలెక్సా బయల్దేరాడు. షెడ్డు గోడలోంచి ఒక పలక ఊడి మాతోపాటు చర్చి దాకా ఈడ్చుకుంటూ వచ్చింది. జనం చెయ్యి ఊపుతుంటే మమ్మల్ని మెచ్చుకుంటున్నారనుకుని మేమూ ఊపాం.

రెండోది, రైలు పట్టాలు అడ్డం వచ్చినప్పుడల్లా ఓలెక్సా ఆగుతాడు. తలుపు బార్లా తెరుస్తాడు. రైలొస్తోందేమోనని చెవి పెట్టి వింటాడు. ముప్ఫై ఒక్కేళ్ళు స్కూలు బస్సు తోలిన అలవాటు. "ఇక్కడ రైలు పోయి ఆరేళ్ళయిందయ్యా, పట్టాలు కూడా సగం పీకేశారు" అంటే, "సగం ఉన్నాయి కదమ్మా" అన్నాడు. బండిలో వేడంతా బయటికి పోయింది. ఇంకా నయం, నన్ను వరసలో కూర్చోమనలేదు.

డ్రైవరుతో మాట్లాడకూడదన్న నిబంధన తూచా తప్పకుండా పాటిస్తున్నాను. ఏదైనా చెప్పాల్సి వస్తే చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి అతని కళ్ళముందు పట్టుకుంటున్నాను. అతనికి కళ్ళద్దాలు మార్చుకోవడానికి కాస్త టైము పడుతోంది.

నీ అమ్మమ్మ
యుస్టీనా

తా.క.: వెనక్కి నడపడం, మంచు మీద రాళ్ళు జార్చి ఆడే కర్లింగ్ మైదానం ముందు సాధన చేశాం. మైదానం కంచె కూడా సాధన చేసింది.


సాస్కటూన్,
డిసెంబరు 21.

అమ్మమ్మా!

చీటీలు ఆపు. మాట్లాడు. ఎంత కావాలంటే అంత మాట్లాడు. ఆ నిబంధన రద్దు. నేను రాసింది నేనే కొట్టేస్తున్నాను, కింద సంతకం కూడా పెడుతున్నాను.

సరదా కాసేపు పక్కన పెడతాను. అమ్మ రోజూ పొద్దున రేడియోలో కనుమల దగ్గర రోడ్ల కబుర్లు వింటోంది. మీరింకా బయల్దేరనే లేదు. నిన్న కూటనీ కనుమ మూసేశారని విని టీ చల్లారేదాకా కప్పు పట్టుకుని అలాగే నిలబడింది. నాకూ భయంగా ఉంది. నెమ్మదిగా వెళ్ళండి. చీకటి పడకముందే ఆగండి. కనుమ మూస్తే ఎదురు చూడండి. పండగ ఒక రోజు ఆలస్యమైనా చిన్నమ్మమ్మ అక్కడే ఉంటుంది.

చేరగానే ఉత్తరం రాయి. కాదు, ముందు ఫోన్ చెయ్యి, తర్వాత రాయి.

మార్కియన్

తా.క.: ఓలెక్సా తాతని కళ్ళద్దాలు రెండు జతలూ తెచ్చుకోమను.


ఒకానగన్ లోయ,
1987 జనవరి 10.

క్రీస్తు పుట్టాడు!

నాయనా మార్కియన్,

ఫోన్లో "చేరాం" అని పెట్టేశానని మీ అమ్మకి కోపంగా ఉందటగా. డోకియా ఫోను పక్కనే నిలబడి వింటోంది, ఏం చెప్పను? ఇప్పుడు అంతా రాస్తున్నాను.

రెండో తారీఖున బయల్దేరాం. వంద కిలోమీటర్లు కాగానే నీ నిబంధన ప్రకారం పక్కకి ఆపి ఓలెక్సా నట్లు బిగించడానికి దిగాడు. చలికాలంలో రోడ్డు పక్కన ఆగిన బండిని మన దగ్గర ఎవరూ పలకరించకుండా దాటిపోరు కదా. ఆ సంగతి నువ్వూ మర్చిపోయావు, నేనూ మర్చిపోయాను. రెండు నిమిషాల్లో ఒక రైతు ఆగాడు.

"ఏమైందమ్మా?"

"ఏం కాలేదు నాయనా."

"ఏం కాకుండా ఈ చలిలో ఎవరాగుతారు? మొహమాటపడకండి" అని పానా తీసుకుని బండి కింద దూరాడు. రెండు బండ్లు ఆగాయి కదా, ఏదో పెద్ద ప్రమాదమేనని మూడో బండి ఆగింది. మూడు చూసి ఇంకో రెండు. నట్లన్నీ అయిదుగురు మగవాళ్ళు అయిదుసార్లు బిగించారు. అంత చలిలో సాయానికొచ్చినవాళ్ళని ఉత్త నోటితో పంపుతానా? కిటికీ కాస్త తెరిచి, పొయ్యి వెలిగించి, మనిషికి పన్నెండు పిరోహీలు ఉడకబెట్టాను.

అలా పధ్నాలుగుసార్లురా! అల్బెర్టాలో ఒక చోట పదకొండు బండ్లు ఆగాయి. ఒకాయన ముందు ఆగుడు దగ్గర తిని, మళ్ళీ తర్వాత ఆగుడు దగ్గర కూడా ఉన్నాడు. "నట్లు చూసిపోదామని" అన్నాడు.

నువ్వు భయపడినట్టే కూటనీ కనుమ మూశారు. ఒక పగలు, ఒక రాత్రి. నలభై బండ్లు వరసగా నిలిచిపోయాయి. పిల్లల్నందర్నీ మోటార్‌హోమ్‌లోకి తెచ్చుకున్నాం. ఓలెక్సా "కూర్చోండి!" అన్నాడు, పదిహేడు మంది ఒక్కసారి కూర్చున్నారు. అతని మొహం ఎంత వెలిగిందో చెప్పలేను. ఆ రాత్రికి ట్రైలర్ ఖాళీ అయిపోయింది. ఆరో తారీఖు పొద్దున కనుమ తెరిచాక, మంచు ఊడ్చే బండి నడిపే అబ్బాయి "ఈ ముసలమ్మ నా వెనకే రావాలి" అని మమ్మల్ని అందరికన్నా ముందు పెట్టాడు. నీ బొమ్మ చూసి ఓలెక్సా గొలుసులు ఒక్క తడవలో తొడిగాడు.

మొదటి నక్షత్రం పొడిచేసరికి డోకియా గుమ్మం ముందున్నాను. చేతిలో ఏమీ లేదు. పదకొండేళ్ళ జవాబు రోడ్డంతా పంచేసి, ఉత్త చేతులతో నిలబడ్డాను. ఏడుపొచ్చింది. అది దగ్గరికొచ్చి, కళ్ళు చికిలించి చూసి, చాలక నా మొహం రెండు చేతుల్తో తడిమింది.

"మొహం కూడా మందమైంది" అంది.

లోపల బల్ల మీద పదకొండు వంటకాలే ఉన్నాయి. పండగ రాత్రికి పన్నెండు ఉండాలి కదా, పన్నెండోది నేను తెస్తానని వదిలేసిందట. అప్పుడు పిండి కలిపాం. కలిపింది నేను, ఒత్తింది తను. కళ్ళతో పని లేదు దానికి, వేళ్ళతోనే కాగితమంత పల్చగా ఒత్తుతుంది. "చూశావా అలా ఉండాలి" అంది. "చూశాను, కూరంతా బయటికొచ్చేస్తోంది" అన్నాను. భోజనానికి కూర్చునేసరికి ఆకాశంలో నక్షత్రాలన్నీ వచ్చేశాయి.

నీ అమ్మమ్మ
యుస్టీనా

తా.క.: మీ అమ్మ నన్ను ఆపమందని మొదటి ఉత్తరంలో నువ్వే రాశావు. కానీ ఆపాలనుకున్నవాడు గొలుసుల బొమ్మ అంత శ్రద్ధగా గీయడురా వెధవా.


సాస్కటూన్,
జనవరి 17.

ఆయనకు స్తోత్రం!

అమ్మమ్మా,

నీ ఉత్తరం అమ్మ మూడుసార్లు చదివింది. మొదటిసారి తిట్టుకుంటూ, రెండోసారి కుర్చీ లాక్కుని కూర్చుని, మూడోసారి మీరు పిరోహీలు చేసిన దగ్గర ఆగి "ఇద్దరూ ఒకే బల్ల దగ్గర నిలబడ్డారట్రా" అంది. తర్వాత ముక్కు చీదుకుని, చలి అంది. మార్చి దాకా అక్కడే ఉండమని, మంచు కరిగాకే తిరిగి రమ్మని చెప్పమంది. తిరుగు ప్రయాణానికి నిబంధనలు నన్ను రాయొద్దంది. తనే రాస్తుందట. ఓలెక్సా తాతకి జాలిపడుతున్నాను.

నా సంగతి. నేను చేసినవని అందరూ అంటున్నవాటిలో చాలావరకు నేను చేయలేదు. షెడ్డు పలక నేను పీకలేదు. కర్లింగ్ కంచె నేను విరగ్గొట్టలేదు. అల్బెర్టాలో రెండుసార్లు తిన్నాయన నాకు బంధువు కాడు. నిబంధనలు నేనే రాశాను, కానీ రాయించింది అమ్మ. నేను సొంతంగా చేసిన పని ఒక్కటే.

డిసెంబరు ఇరవై మూడున అమ్మ ఒక ఉత్తరం నా చేతికిచ్చింది. నీకు కాదు, ఓలెక్సా తాతకి. "మీ బస్సులో పన్నెండేళ్ళు ఎక్కిన స్టెఫ్కాగా అడుగుతున్నాను, మా అమ్మని తీసుకెళ్ళకండి" అని రాసింది. తన బస్సులో ఎక్కిన పిల్ల అడిగితే తాత కాదనడని అమ్మకి తెలుసు, నాకూ తెలుసు. "ఇప్పుడే పోస్టు చేసి రా" అంది. కోటు వేసుకుని వెళ్ళాను. పోస్టు డబ్బా ముందు చాలాసేపు నిలబడ్డాను. ఇంటికొచ్చి, చేశానని చెప్పాను.

చేయలేదు. ఇవాళ దాని మీద స్టాంపు ఆవిరి పట్టి ఊడదీశాను. ఈ కవరు మీద వంకరగా అంటించి ఉన్నది అదే.

నీ
మార్కియన్