అన్న వంతుకు చెల్లెలు రాసిన లెక్కల పరీక్ష

దిబ్బలమొగ, రేపల్లె తాలూకా
9-9-1968

జిల్లా విద్యాధికారి గారి సముఖానికి, దిబ్బలమొగ హైస్కూలు ప్రధానోపాధ్యాయుడు దశరథరామయ్య రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మార్చి ఎస్.ఎస్.ఎల్.సి. ఫలితములు ముప్పై అయిదు శాతమునకు పడిపోవుటకు సంజాయిషీ. కుమారి పేరంటాలుపై విధించిన మూడేళ్ల పరీక్షా నిషేధము రద్దు చేయుటకై ప్రార్థన.

1. తాము మెమోలో కోరిన వివరములు ఇవి. మా పాఠశాలలో విద్యార్థులు 212 మంది. అందులో ఊరి రైతుల పిల్లలు 131, సముద్రం ఒడ్డున పాలెంలో చేపల వేటపై బతికే కుటుంబాల పిల్లలు 81. మార్చిలో పరీక్షకు వెళ్లినవారు ఇరవై మంది: ఊరివారు పదకొండుగురు, పాలెంవారు తొమ్మండుగురు. ఊరివారిలో ఏడుగురు గట్టెక్కారు. పాలెంవారి తొమ్మిది ఫలితాలూ పైవారు నిలిపివేశారు. ఇరవైకి ఏడు అంటే ముప్పై అయిదు శాతమే. ఆ లెక్కలో తప్పు లేదు.

2. ఏటా ఇరవై మందికి తగ్గకుండా పరీక్షకు కూర్చోకపోతే పదకొండో తరగతి ఎత్తివేస్తామని ఒక ఉత్తర్వు ఉన్నది. ఫలితాలు నలభై శాతానికి తగ్గితే ప్రధానోపాధ్యాయుడికి బదిలీ లేదని ఇంకొకటి ఉన్నది. వేటకు పోయే పిల్లల పేర్లు కొట్టేస్తే ఇరవై నిండదు, ఉంచితే నలభై రాదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. తెనాలికి బదిలీ కోరుతూ నేను పెట్టిన నాలుగు అర్జీలూ తమ కార్యాలయంలోనే ఉన్నవి. నా భార్య శేషారత్నం తెనాలిలో ఉంటున్నది. తొమ్మిదేళ్లుగా నేను ఆమెకు ఆదివారం చుట్టాన్ని. "మీరు బడిని నడుపుతున్నారా, బడి మిమ్మల్ని కట్టేసిందా?" అని అడుగుతుంది. ఈ ప్రశ్నకు ఏ ఫారంలో జవాబు రాయవలెనో తెలియజేయ ప్రార్థన.

3. పాలెం కట్టుబాటు ఒకటి మనవి చేసుకోవాలి. నావ ఎక్కే మనుషులకు ఇంటింటికీ ఒక వంతు ఉంటుంది. ఒకడికి జ్వరం వస్తే ఆ ఇంటి నుంచే తమ్ముడో బావమరిదో ఎక్కుతాడు. ఎవరు ఎక్కారని ఎవరూ అడగరు. ఆ ఇంటి వంతు నిలబడితే చాలు. దీన్ని వాళ్లు మోసం అనుకోరు, మర్యాద అనుకుంటారు. పరీక్షకు ఇది పనికిరాదని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

4. లెక్కల పరీక్ష నాటికి పాలెంలోని రాఘవులు కొడుకు శివయ్య వేటకు వెళ్లి ఉన్నాడు. గాలి తిరగబడి నావ రాలేదు. వాడి చెల్లెలు పేరంటాలు, అప్పటికి పదో తరగతి, అందరితోపాటు రేపల్లె వెళ్లి అన్న బల్లమీద కూర్చుని పరీక్ష రాసింది. గంటన్నర గడిచాక ఇన్విజిలేటరు సంతకానికి వచ్చి హాలు టిక్కెట్టు చూశాడు, ఆమె రెండు జడలు చూశాడు.

"ఏమ్మా, శివయ్యవి నువ్వా?"

"కాదండి, మా అన్నండి. వేటకెళ్లాడండి. ఆడి వంతుకి నేనొచ్చానండి. ఇంకొక్క లెక్కుందండి, చేసిచ్చేత్తాను."

ఆ ఒక్క లెక్కా చేయనివ్వలేదు. కాగితం లాక్కుని చూస్తే దానిపై ఆమె తన పేరే రాసి ఉన్నది: "పేరంటాలు, శివయ్య బదులు." దొంగతనానికి వచ్చినవాడు గోడమీద పేరు రాసిపోతాడా? పాలెం పిల్లలందరూ ఇలాగే మారి వచ్చారేమోనన్న అనుమానంతో తొమ్మిది ఫలితాలూ ఆపారు. పరీక్షల ఆచారం తెలియని పిల్లకు మూడేళ్ల నిషేధం వేశారు.

5. ఆ పిల్ల ఇప్పుడు పదకొండో తరగతి. పాలెం నుంచి ఇంతవరకు చదివిన మొదటి ఆడపిల్ల. బడి మొత్తంలో లెక్కల్లో ఆమెను మించినవారు లేరు, నాతో కలిపి. వచ్చే మార్చిలో రాయనివ్వకపోతే ఆమె చదువు ఇంతటితో సరి. పోయిన వారం రాఘవులు వచ్చి ఇట్లా అన్నాడు:

"మేష్టారండీ, పరీచ్చ లేనిదానికి బడెందుకండి? దసరా సెలవుల దాకా చూత్తానండి. ఆపైన ఆళ్లమ్మతోపాటు తట్టెత్తుకుని బాపట్ల ఎల్తది, చేపలమ్ముకుంటది. నేను తమర్నేం అననండి."

ఏమీ అననన్న ఆ మాటే నన్ను తినేస్తున్నది.

6. పైవారు జరిపిన విచారణలో ప్రధానోపాధ్యాయునికి ఈ వ్యవహారముతో ఎట్టి ప్రమేయమూ లేదని తేలినట్లు దాఖలా ఉన్నది.

కావున నిషేధము దసరాలోపు రద్దు చేయించవలసినదిగా వేడుకొంటూ, ఈ విన్నపము తమ చిత్తమునకు వదులుతున్నాను.

తమ విధేయుడు,
దశరథరామయ్య

మళ్లీ మనవి: ఆరో అంశం అబద్ధం. పరీక్ష రోజు తెల్లవారుజామున బస్సు దగ్గర నేనే తలలు లెక్కపెట్టాను. పంతొమ్మిది వచ్చాయి. రాఘవులు కూతురి చెయ్యి పట్టుకుని వచ్చాడు. "సివయ్య రాలేదండి, ఆడి వంతుకిది వత్తదండి. లెక్కల్లో ఆడికన్నా గట్టిదండి" అన్నాడు. అది తప్పని చెప్పడానికి నోరు తెరిచాను. ఇరవై నిండింది కదా అని మూసుకున్నాను. అందరి టిక్కెట్లతోపాటు శివయ్య హాలు టిక్కెట్టూ నా జేబులోనే ఉంది. తీసి ఆ పిల్ల చేతికిచ్చి, "ఎక్కమ్మా, బస్సు కదులుతుంది" అన్నది నేనే.

విచారణలో నిన్ను ఎవరు పంపారని అడిగారు. పేరంటాలు నా వంక ఒకసారి చూసి, "ఎవరూ పంపలేదండి, నేనే వచ్చానండి" అంది. పదిహేనేళ్ల పిల్ల. ఆ మాట కింద సాక్షిగా నేను సంతకం పెట్టాను.

రిటైరు కావడానికి నాకు నాలుగేళ్లుంది. ఇది తమకు చేరితే ఏమవుతుందో తెలుసు. శేషారత్నానికి ఇంకా చెప్పలేదు. రాసింది మళ్లీ చదివితే చింపేస్తానని భయం. అందుకని చదవకుండానే కవరు అంటిస్తున్నాను. తప్పులుంటే మన్నించండి.