పులి ఒక్కపొద్దు

నవంబర్ 16, ఆదివారం
నలభై ఆరేళ్ళ వయసులో నన్ను ఒకరు బోల్తా కొట్టించారు. అదీ మా ఆయన! రాళ్ళ పాలిష్ తప్ప ఇంకేమీ రాదనుకున్న మనిషి.
ఇంటి కాపలాకు పులిలాంటి కుక్క కావాలని నెల నుంచి ఆయన ప్రాణం తీశాను. సాయంత్రం కర్నూలు నుంచి వచ్చి, గేటు దగ్గర్నించే కేక — "తెచ్చినానమ్మే, దగ్గరికి రావద్దు, కరుస్తాది!" చీపురు పట్టుకుని బయటికి పోయాను. అంగీ జేబులోంచి తీశాడు. పిడికెడు బొచ్చు. అందులో రెండు కళ్ళు.
పొమెరేనియన్‌లో బొమ్మంత రకమట. మూడు నెలలదని అమ్మిన ఖాదర్ భాయ్ చెప్పాడట.
అత్త కళ్ళద్దాలు సర్దుకుని చూసింది. "దీన్ని ఎవురు కాపలా కాయల్ల?"
పేరు అక్కడికక్కడే పెట్టేశాను. పులి.

నవంబర్ 18, మంగళవారం
తినేది రెండు చెంచాల పాలన్నం. ఎగిరేది ఊరంతా.
ఫ్యాక్టరీకి పోయే మా ఆయన టిఫిన్ సంచిలో పులిని కూర్చోబెట్టాను. బండి ఎక్కబోతుంటే సంచి మొరిగింది. బండి వదిలేసి ఆరడుగులు దూకాడు. ఇప్పుడు సమానం.

నవంబర్ 20, గురువారం
ఈ రోజుది రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తాను.
గురువారం మా ఇంట్లో రాఘవేంద్ర స్వామికి ఒక్కపొద్దు. సాయంత్రం పూజ అయ్యేదాకా పొయ్యి వెలిగించం. షుగరు జబ్బు కాబట్టి అత్తకు మాత్రం పాలు, పండు. పొద్దున్నే పులి నుదుట గంధం పెట్టి, ఫోటో తీసి చుట్టాలందరికీ పంపాను — 'పులిస్వామి వారు కూడా ఈ రోజు ఒక్కపొద్దు.' నవ్వుకోడానికి. అత్త మాత్రం నిజమనే అనుకుంది. "ఈ ఇంట్లో ఉన్నాక అదీ ఉండల్ల." ఆమె మాట ఎందుకు కాదనాలని పాలగిన్నె గట్టు మీదికి ఎత్తేశాను. ఒక్క పూటే కదా...
పదకొండుకు పులి తూలుతూ వచ్చింది. రెండడుగులు, పక్కకు ఒరగడం. మళ్ళీ రెండడుగులు. సంతరోజు సారా తాగినవాడి నడక. నాకు తగ్గ కుక్క దొరికిందిరా, నాటకాలు ఆడుతోందని పగలబడి నవ్వాను. నవ్వుతూ వీడియో కూడా తీశాను.
ఆ వీడియోలో నా నవ్వు వినిపిస్తుంది. తీసేశాను.
పడింది. లేవలేదు. చెవులు ముట్టుకుంటే చల్లగా. చిగుళ్ళు తెల్లగా. కన్ను తెరిచే ఉంది, నన్ను చూడటంలేదు. ముందరి కాలు సన్నగా కొట్టుకుంటోంది.
అత్త దేవుడి గదిలోంచి వచ్చి ఒక్క చూపు చూసింది. "ఇది షుగరు పడిపోవడమే. నాకు డౌనైనప్పుడు ఇట్లనే గదా అయ్యేది... కాళ్ళు తేలిపోయి, మాట రాక."
వెనక్కి తిరిగింది. పంచామృతానికి పెట్టుకున్న తేనె సీసా తెచ్చింది. సీలు కూడా విప్పనిది.
"అత్తా, అది స్వామికి—"
"స్వామికి నేను చెప్పుకుంటాలే. నువ్వు దాని నోరు తెరువు."
వేలితో తేనె తీసి చిగుళ్ళకు రుద్దింది. నేను చీర కొంగులో చుట్టి పొట్టకు ఆనించుకున్నాను. రుద్దుతూనే ఉంది. ఎంతసేపో తెలీదు. అప్పుడు నాలుక బయటికి వచ్చింది. ఇంతే, గోరంత. అత్త వేలు నాకింది.
ఏడ్చానని ఎక్కడా చెప్పను. ఇక్కడ రాస్తున్నా, చాలు.

నవంబర్ 21, శుక్రవారం
నిన్న అది లేచాక పాలు తాగించి నేరుగా పశువుల ఆసుపత్రికి పోయాం. ఎనుముల మధ్య నేను, నా కొంగులో పులి. డాక్టరమ్మ దాని పళ్ళు చూసింది. "మూడు నెలలా? రెండు కూడా నిండలేదమ్మా."
ఆమె మాటల్లో గుర్తున్నవి — ఇంత చిన్న ఒంట్లో దాచుకోడానికి ఏమీ ఉండదు... నాలుగైదు గంటలు కడుపు ఖాళీ అయితే చాలు... చలికి ఇంకా తొందర... పడినప్పుడు నోట్లో ఏమీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, రుద్దాలి అంతే... లేచాక తిండి, ఆ తర్వాత నా దగ్గరికి.
"తేనె రుద్దమని ఎవరు చెప్పారు?"
"మా అత్త."
"ఆమెకు నమస్కారం చెప్పండి."
చెప్పాను. అత్త విననట్టు నటించి, రెండోసారి చెప్పించుకుంది.

నవంబర్ 24, సోమవారం
మూడు గంటలకొకసారి పులికి తిండి. ఫోనులో గంట పెట్టాను, మా ఆయన గురక రికార్డు చేసి. ఎవరి ఇంట్లో ఉన్నా, ఏ పెళ్ళి మాటల మధ్యలోనైనా, నా ఫోను గురక పెడుతుంది.
ఎనిమిదో తరగతి తప్పిన చేతిరాతతో గోడకు కాగితం అంటించాను. తిండి వద్దంటే చూడు. ముడుచుకుంటే చూడు. తూలితే తేనె. మా ఆయన చదివి, "నాకెప్పుడన్నా ఇట్ల రాస్తివా?" అన్నాడు.
నువ్వు తిండి వద్దన్నది ఎప్పుడు!

నవంబర్ 27, గురువారం
మళ్ళీ ఒక్కపొద్దు. అత్త స్నానం చేసి, దేవుడి గదిలోకి పోబోతూ ఆగింది. "ముందు దానిది కానీ."
అత్త పాలూ పండూ వదిలేస్తే, ఈ ఇంట్లో గురువారం స్వామి కంటే ముందు ఎంగిలిపడిన మొదటి జీవి పులి. నేను వచ్చి ఇరవై ఆరేళ్ళు, నాకెన్నడూ దక్కలేదు.

డిసెంబర్ 7, ఆదివారం
గెలిచాను. ఈ రోజు ఒక్కదాన్నే గెలిచాను.
పెళ్ళి పిలుపుకు చుట్టాలు వచ్చారు, తొమ్మిది మంది. పులిని ఒడినుంచి ఒడికి మార్చారు, పొద్దున్నించీ. "ఎంత ముద్దుగుండాదో! ఇట్ల తే, ఇట్ల తే!" ఫోను గురక పెట్టింది. గిన్నె పెట్టాను. వాసన చూసి మొహం తిప్పుకుంది. పోయి బల్ల కింద ముడుచుకుంది. కింది పెదవి అదురుతోంది.
"ఏమయ్యా, పులికి మళ్ళీ వస్తాంది."
"నీ నాటకాలు చుట్టాల ముందర వద్దుమే."
పోయిన నెలే, ఈ చుట్టాల ముందరే, తేలు కుట్టిందని ఉత్తుత్తినే అరిచి ఆయన్ని మంచం ఎక్కించాను. నమ్మకపోవడం ఆయన తప్పు కాదు. నిలబడి వాదించే తీరిక నాకు లేదు. తేనె, వేలు, చిగుళ్ళు. పాత శాలువా. సీసాలో వేడినీళ్ళు పోసి, గుడ్డ చుట్టి పక్కన. తలుపు వేసుకున్నాను. గడియారం చూస్తున్నా. నాలుగు నిమిషాలు, ఏమీ లేదు. ఏడు... చెవి కదిలింది. పన్నెండో నిమిషానికి నా చెయ్యి తోసేసి గిన్నె దగ్గరికి పోయింది. తిన్నది. గిన్నెను కూడా తినబోయింది!
తలుపు తెరిస్తే మా ఆయన. పక్కన అత్త, చేతిలో ఇంకో తేనె సీసా.
"నిజమేనా?"
"లేదు, నాటకం. టికెట్ తీసుకుని లోపలికి రా."
లోపలికి వచ్చి పులి తల నిమిరాడు. ఆ తర్వాత చుట్టాలకు చెప్పాడు — "దాన్ని ఎవురూ ఎత్తుకోవద్దండప్పా." గట్టిగానే చెప్పాడు.

డిసెంబర్ 8, సోమవారం
డాక్టరమ్మ చూసింది. "పడకముందే పట్టేశారే!" ఇంకో నెల ఈ కాపలా తప్పదట. తిండి సరిగ్గా పోతున్నా మళ్ళీ వస్తే మాత్రం రక్తం పరీక్ష. తూకం వేసింది. పోయినసారి కంటే పావు కిలో పైన!
ఖాదర్ భాయ్‌కి ఫోను చేసి మూడు నెలల సంగతి, రెండు నెలల సంగతి కడిగేశాను. "గలతీ అయిందమ్మా, ఇంకెవరికన్నా ఇట్లయితే మీ నంబరే ఇస్తా" అన్నాడు. ఇచ్చుకో, పో.

డిసెంబర్ 18, గురువారం
మధ్యాహ్నం పన్నెండున్నరకు కొత్త నంబరు. డోన్ నుంచి ఎవరో అమ్మాయి. కుక్కపిల్లను ఖాదర్ భాయ్ దగ్గరే కొన్నదట.
"అక్కా, లేయడంలేదక్కా... పిలిస్తే కన్ను కదుపుతాది, అంతే."
"ఎప్పుడు తినింది?"
"నిన్న సాయంత్రం. అలిగిందేమో అనుకుంటినక్కా."
తిట్టు నోటిదాకా వచ్చింది. మింగాను. నేనేమనుకుని నవ్వానో నాకు తెలుసు కదా.
"తేనె ఉండాదా?"
"లేదక్కా. చక్కెర ఉండాది."
"నీళ్ళలో చిక్కగా కలుపు. నోట్లో పొయ్యొద్దు. వేలితో చిగుళ్ళకు రుద్దు. దుప్పట్లో చుట్టుకుని ఆటో ఎక్కు, ఆసుపత్రికి పో. దారిలో కూడా రుద్దుతానే ఉండు."
"అది బతుకుతాదా అక్కా?"
ఇన్నేళ్ళలో ఎవరికీ జవాబు బాకీ పెట్టలేదు నేను. "రుద్దు" అన్నాను.
పెట్టేసింది.
అత్త జపం మధ్యలో లేచి వచ్చి నా పక్కన కూర్చుంది.
పన్నెండూ యాభై. ఫోను లేదు.
ఒంటిగంట. మోగింది — మా ఆయన. కట్ చేశాను.
ఒకటీ పది. నేనే చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. ఆ పిల్ల రెండు చేతులూ రుద్దే పని మీద ఉండుంటాయి...