చుక్కకు చెప్పే క్షేమం

శనివారం, మక్తల్ దగ్గర మా ఊళ్లో

ఈ సాయంత్రం అనవసరంగా నోరు జారాను. మేకల పాలు పిండగానే అవ్వ ఎప్పటిలాగే నాలుగు పాల బొట్లు పడమటి చుక్క వైపు చిలకరించి, "అక్కా, నీ చెల్లె మంచిగుంది, ఫికర్ చెయ్యకు" అంది. సాయంత్రం చుక్క అక్క, వేగుచుక్క చెల్లెలు. ఇద్దరూ ఎన్నడూ ఎదురుపడరు కాబట్టి ఒకరి క్షేమం ఇంకొకరికి మేమే చెప్పాలట, లేకపోతే మందకు కీడట. చిన్నప్పటి నుంచీ వింటున్నదే.

"రెండు ఒక్కటే అవ్వా. కొన్ని నెలలు పొద్దుగూకినంక కనిపిస్తది, కొన్ని నెలలు పొద్దుగాల" అనేశాను.

అవ్వ చెంబు కింద పెట్టి చుక్క వైపు తలెత్తింది. ఇన్నేళ్ల నమ్మకాన్ని పాడుచేశానేమోనని భయమేసింది.

"అయ్యో, ఒక్కతేనా!" అంది. "గిన్నేండ్ల సంది దాని ముచ్చట దానికే చెప్తున్ననా? అదెట్లుందని ఒక్కనాడన్న అడగకపోతి."

మళ్లీ పాలు చిలకరించింది. "నువ్వెట్లున్నవ్ బిడ్డా? తిన్నవా?"

వారమంతా నేనుండే జడ్చర్ల కిరాయి గదిలో నేనూ ఒక్కదాన్నే. తోడుండే అమ్మాయి ఖాళీ చేసిపోయి రెండు నెలలైనా, అవ్వకు ఫోన్‌లో ఇంకా ఉందనే చెప్తున్నాను.

అవ్వ అడిగింది చుక్కను. జవాబు కోసం చూసింది మాత్రం నా వైపు.