మా అమ్మ సామాను, వాపసు లేదు

బ్రేమెన్,
ఆదివారం, సెప్టెంబరు పద్నాలుగు.

అమ్మకు,

నీ గెజీనా రాస్తున్నది. ఇక్కడ నేనూ నా పిల్లీ బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, నీ మోకాలూ, పక్క గదిలో రేడియో గట్టిగా పెట్టే ఆవిడా అంతా క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. నీ ఊదారంగు కోటుకి గుండీ కుట్టించాను, ఈసారి తెస్తాను. ఆ హోములో సంచుల టీ పోస్తున్నారని తిట్టిపోశావు కదా, పెద్దాకు టీ పొడీ, పటికబెల్లమూ పార్సెల్లో పంపాను. వంటామెతో దెబ్బలాడకుండా నెమ్మదిగా అడిగి పెట్టించుకో. పిల్లి బరువు తగ్గలేదు. నేనూ తగ్గలేదు.

నువ్వు అసలు అడగదలుచుకున్నది ఉత్తరం చివర్న పెట్టావు. ట్రౌటె పిన్ని జనవరి నుంచి జవాబు రాయలేదేమని, పడిపోయిందేమో వెళ్ళి చూసి రమ్మని. వంతు ఆవిడది కాబట్టి నువ్వు మళ్ళీ రాయనని కూడా రాశావు. అరవై ఏళ్ళ స్నేహం మీది, ఒకరి తర్వాత ఒకరు, వంతు తప్పకుండా రాసుకున్నారు, ఇప్పుడు తప్పుతావా నువ్వు! దాని కింద ఆ నాలుగు వాక్యాలు. నాకన్నా ముందు ఒక పిల్లాడు పుట్టాడని, పదకొండు రోజులు బతికాడని, నాన్న వాడి మాట ఇంట్లో ఎత్తనివ్వలేదని. వాడి గురించి ట్రౌటెకి రాసిన ఉత్తరంలో తప్ప ఎక్కడా లేదని. వాడి జుట్టు ఏ రంగో మర్చిపోతున్నాను, ఆ ఉత్తరం తెచ్చిపెట్టు అని.

అమ్మా, ఆ ఉత్తరం గురించే చెప్పాలి. ఫోనులో నీకు వినపడదు. ఎదురుగా కూర్చుని చెప్పే ధైర్యం నాకు లేదు. అందుకే నిన్న శనివారం రాలేదు, ఇలా రాస్తున్నాను. ముందు నా అమ్మకాల సంగతి చెప్పనీ, అక్కడి నుంచే మొదలైంది.

నిరుడు నువ్వు హోముకి వెళ్ళినప్పుడు నీ అల్మరాలోని గులాబీ పూల టీ సామాను ఆన్‌లైన్‌లో పెట్టి అమ్మాను, నువ్వే అమ్మేయమన్నావు. ఆ సైటులో నువ్వు మామూలు మనిషివా వ్యాపారివా అని ముందే అడుగుతుంది. మామూలు మనిషి ఇంట్లో వస్తువు అమ్ముకుంటే ‘వాపసు లేదు’ అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకోవచ్చు. వ్యాపారి అయితే పేరూ అడ్రసూ అందరికీ కనపడేలా పెట్టాలి, కొన్నవాళ్ళు పద్నాలుగు రోజుల్లో ఎందుకో చెప్పకుండానే తిప్పి పంపినా నోరు మూసుకుని తీసుకోవాలి. నేను మామూలు మనిషినే కదా, అలాగే పెట్టాను. అప్పటికి అది నిజం.

నీ సామాను నెలలో అయిపోయింది. నాకు మాత్రం రుచి తగిలింది. ఆదివారం సంతల్లో, ఖాళీ చేసే ఇళ్ళలో టీ కుండలు కొనడం, తోమడం, ఫొటో తీయడం, అమ్మడం. అది వ్యాపారమని చిన్నపిల్లనడిగినా చెబుతుంది. నేను మాత్రం సైటులో ‘మామూలు మనిషి’ అన్న గడి మార్చలేదు. వాపసులు ఎవరు పడతారులే అని బద్ధకం. సంతలో నా పక్క బల్ల ఉవె తెలుసుగా, పాత తాళాలు అమ్మే అతను, ఒకరోజు అందరి ముందూ అడిగాడు.

“మీ అమ్మకి ఎన్ని టీ కుండలమ్మా గెజీనా? ఆవిడ ఇల్లా, టీ కొట్టా?”

“నీకెందుకయ్యా?”

“నాకెందుకు, వ్యాపారం దాచి అమ్ముతున్నావని లాయరు నోటీసు వచ్చేది నీకు. ముందు ఎవడో కొనేవాడిలా వచ్చి తీయగా ప్రశ్నలడుగుతాడు. ఇది నిజంగా మీ అమ్మదేనా, ఎప్పటిది అంటాడు. నువ్వు తడబడ్డావా, అయిపోయావు.”

ఆ భయంతో, అమ్మా, ఒక పని చేశాను. అన్ని ప్రకటనల్లో ఒక మాట కలిపాను. ‘చనిపోయిన మా అమ్మ సామాను. ఇంటి అమ్మకం. వాపసు లేదు.’ చనిపోయిందంటే ఇల్లు ఖాళీ చేస్తున్నట్టు కదా, ఎన్ని కుండలున్నా ఎవరూ అడగరు. బేరం కూడా ఆడరు. ప్రతి శనివారం నీతో కూర్చుని టీ తాగి, ఇంటికొచ్చి నిన్ను మళ్ళీ చంపేదాన్ని. నాకసలు తప్పుగా కూడా తోచలేదు, చూడు. ఏదో అలవాటైపోయింది.

ఫిబ్రవరిలో ఎన్నో అనే పేరుతో ఎవరో రాశారు. ‘మీ అమ్మగారు నిజంగా పోయారా? ఎప్పుడు? ఏ ఊళ్ళో?’ గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, లాయరు మనిషే అనుకున్నాను. తడబడకూడదని టకటకా జవాబిచ్చాను. ‘ఈ నెలలోనే. ఆవురిష్‌లో. వాపసు లేదు.’ అతను కుండ కొన్నాడు. అడ్రసు చూస్తే యూస్ట్ ద్వీపం. పిన్ని ఉండేది అక్కడే కదా. ద్వీపంలో ఆవిడొక్కతేనా, బోలెడుమంది ఉంటారులే అని సర్దిచెప్పుకుని పార్సెల్ కట్టేశాను. ఒక్క ఫోను చేసి ఉంటే సరిపోయేది. చేయలేదు. నన్ను నేను క్షమించుకోలేనిది ఇదే.

నీ ఉత్తరం చదివాక మర్నాడే పడవెక్కాను. పిన్ని తలుపు తీసి నన్ను పైనుంచి కిందకి చూసింది. ఆ కుండ కిటికీలో ఉంది. పక్కన కొవ్వొత్తి. ఎన్నో ఆవిడ మేనల్లుడట. పిన్ని కుండకి మూత పగిలితే అలాంటిదే వెతుకుతుంటే నా ప్రకటన కనపడిందట. అందులో గెజీనా అన్న పేరు చూసి అనుమానంతో అడిగాడట, పార్సెల్ మీద ఇంటిపేరు చూశాక ఖాయం చేసుకున్నారట.

“రామ్మా. తల్లి పోతే ఒక్క కార్డు ముక్క వేయలేదు నాకు. ఇప్పుడు తీరిందా?”

“పిన్నీ, అమ్మ బతికే ఉంది.”

ఆవిడ కుర్చీ పట్టుకుని కూర్చుంది. నేనంతా చెప్పాను, నీకు చెప్పినట్టే. ఆఖర్న నా వంక కాదు, పొయ్యి వంక చూసింది.

“ఎవరు ముందు పోతే రెండోవాళ్ళు వాళ్ళ ఉత్తరాలు కాల్చాలని మాకు ఒట్టు ఉంది. ఇరవై ఏళ్ళప్పుడు వేసుకున్నది. మార్చిలో కాల్చేశాను.”

“అన్నీనా పిన్నీ?”

“సగం కాల్చడానికి ఒట్టెందుకు? నీకు సానుభూతి ఉత్తరం రాద్దామనుకున్నాను. అమ్మ పోయిన నెలలోనే వాపసు లేదని రాసిన పిల్లకి ఏం రాస్తాను?”

అమ్మా, నీ ఉత్తరాలు లేవు. ఒక్కటీ లేదు. పిల్లాడిదీ లేదు. నువ్వు పోయావని నేను చెప్పిన మాట నమ్మి, నీకిచ్చిన మాట నిలబెట్టుకుందావిడ. ఆవిడ తప్పు ఇసుమంత లేదు. నా ఒక్కదానిదే.

నేను ఏడుస్తుంటే ఆవిడ లేచి టీ పెట్టింది. ఒక కప్పు పోసింది, రెండోది పోసింది. మూడోది పోయలేదు. మన వైపు ఇంటికొచ్చినవాళ్ళకి మూడు కప్పులు పోయడం మర్యాద, మూడోది పోయకపోతే దాని అర్థం నీకు చెప్పక్కర్లేదు.

“చదవకుండా కాల్చాననుకున్నావా?” అంది. “ఒక్కొక్కటీ చదివి మరీ వేశాను. మూడు మధ్యాహ్నాలు పట్టింది.”

“పిల్లాడి ఉత్తరం?”

“రెండుసార్లు చదివాను.”

“పిన్నీ, జుట్టు...”

“అది నీకు చెప్పేది కాదు. మీ అమ్మ ఆల్ముట్‌కి చెప్పేది. ఆవిణ్ణి అడగమను. చివర్న నేనూ ఆవిడకొక ఉత్తరం రాసి అదే పొయ్యిలో వేశాను. అది లెక్కే. వంతు ఇప్పుడు ఆవిడది. ఆ ఉత్తరం వచ్చాక నీకు మూడో కప్పు.”

వస్తుంటే ఆ కుండ నా చేతిలో పెట్టింది. “ఇది ఆల్ముట్‌ది కాదుగా, తీసుకుపో.” తీసుకున్నాను. ఇన్నాళ్ళలో నేను తీసుకున్న మొదటి వాపసు అది.

ఈ నాలుగు రోజుల్లో వ్యాపారిగా రాయించుకున్నాను. ఇప్పుడు ప్రతి కుండ కింద నా పేరూ అడ్రసూ ఉన్నాయి. నచ్చకపోతే తిప్పి పంపొచ్చని రాశాను. నువ్వు పోయావన్న మాట అన్నిట్లోంచి తీసేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు.

శనివారం వస్తాను. రావద్దంటే హోములో ఆ నర్సమ్మకి చెప్పు, నేను గేటు దగ్గర కోటు ఇచ్చి వెళ్ళిపోతాను. నాతో మాట్లాడకపోయినా సరే, పిన్నికి మాత్రం రాయి. ఆవిడకి ఎనభై మూడు. వాడి జుట్టు రంగు ఇప్పుడు లోకంలో ఆవిడొక్కతికే గుర్తుంది. కవరు మీద ఆవిడ అడ్రసు రాసి స్టాంపు అంటించి ఇందులో పెట్టాను. వంతు నీది అమ్మా.

ఇట్లు,
నువ్వుండగానే నిన్ను లేవన్న
నీ కూతురు,
గెజీనా