కంచులో వేళ్ల గుర్తులు

మంగళవారం, రాత్రి

తాత చేసిన మొదటి కంచు విగ్రహం ఇవాళ మరమ్మతుకు మా ఫౌండ్రీకి వచ్చింది. పటాన్‌చెరులో మాకు పేరు తెచ్చిన నాట్యకత్తె బొమ్మ అది. విరిగిన చెయ్యి అతికించడానికి పీఠం విప్పి, లోపలికి టార్చి వేసి చూశాను. కరిగిన కంచు పోతకు ముందు మైనాన్ని అచ్చులో ఒత్తినవాళ్ల వేళ్ల గుర్తులు కంచులో అలాగే ఉండిపోయాయి. నా వేళ్లు పెడితే సరిగ్గా సరిపోయాయి.

తాత అరచెయ్యి చేటంత ఉండేది.

పోత పని నాకూ నేర్పమని నిన్న అడిగితే నాయిన కసిరాడు. "మెరుగు పెట్టుడు వరకే నీ పని. మన ఇంట్ల ఆడోళ్లు ఎన్నడు పోత పోయలే."

సాయంత్రం ఆయనతో ఒక్క మాటే అన్నాను. "బొమ్మ లోపల ఎవరివో వేళ్ల గుర్తులున్నయి నాయినా."

టీ గ్లాసు కింద పెట్టి నావైపు చూశాడు. "మా అవ్వ ముచ్చట నీకెవరు చెప్పిన్రు?"

నేను నాయనమ్మ పేరే ఎత్తలేదు. ఆ సంగతే ఆయనకు చెప్పాను. ఆయన ముఖం తిప్పుకున్నాడు. "ఏం లేదు. జల్దీ మూసెయ్ దాన్ని."

మూయలేదు. తాత చేసినవని చెప్పే బొమ్మలు గోదాములో ఇంకా నాలుగున్నాయి. రేపు నాయిన రాకముందే వాటి పీఠాలు కూడా విప్పుతాను.