సాలెదారం, ఢిల్లీ డబ్బు

1955 మార్చి 19, కర్నూలు
కాలేజీలో నా పాఠం అయ్యాక ప్రిన్సిపాల్ గారు పిలిచి చెప్పారు. తుపాకీ మీద బిగించడానికి నేను చేస్తున్న దుర్భిణిని చూసేందుకు ఢిల్లీ నుంచి అధికారులు వస్తారట, వచ్చే నెల. గురి కుదిరితే ప్రభుత్వం డబ్బిస్తుంది. అద్దాలు సానపట్టే యంత్రం, ఒక గది, ఒక సహాయకుడు... యంత్రం సంగతి తర్వాత. సహాయకుడు! పగలంతా పక్కన మాట్లాడే మనిషి. నా ఇల్లాలు సావిత్రి పోయాక ఈ ఇంట్లో నా గొంతు నాకే కొత్తగా ఉంది.

మార్చి 21
దుర్భిణిలో గురికి అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత కావాలి. వెంట్రుక పెట్టి చూశాను — మోకులా కనిపించింది. సాలెపురుగు దారమే దిక్కు. వెనకగది మూలన ఒకటి ఉంది, మంచి పనిమంతురాలు. ఆ వైపు చీపురు పోనివ్వడం లేదు.

మార్చి 23
కొంప మునిగింది. కాలేజీ నుంచి వచ్చేసరికి ఇల్లంతా తళతళ. పక్కింటి ఫాతిమాబీ, తలకు గుడ్డ చుట్టుకుని, చేతిలో బూజుకర్ర. తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది. "పండగ పూట బూజుంటే దరిద్రం సారూ. ఆడమనిషి లేని ఇల్లు, నేను గాకుంటే ఎవురు చేస్తారు?"
వెనకగదీ దులిపేసింది. నా సాలెపురుగు లేదు.
"నా సాలెపురుగు యాడ? నిన్నెవురు రమ్మనిరి?" అని అరిచాను. తాళంచెవి కిటికీలో పెట్టి వెళ్ళిపోయింది.

మార్చి 25
ఉగాది. పచ్చడి చేసుకోలేదు. గోడ అవతల ఆమె దగ్గు... ఆమె పిలవలేదు, నేనూ పిలవలేదు.

మార్చి 27
పొద్దున్నే గుమ్మంలో ఫాతిమాబీ. చేతిలో గాజుగ్లాసు, పైన గుడ్డ కట్టి, లోపల సాలెపురుగు. "దర్గా కాడ పట్టుకొస్తి. శానా పెద్దది. మెల్లగా సారూ, బతికే ఉండాది."
ఎన్నాళ్ళకో నవ్వాను. కూర్చోబెట్టి అంతా చెప్పాను — తుపాకీ, ఢిల్లీ, డబ్బు. "ఆ దుడ్లొస్తే ఈన్నే ఉంటావా సారూ?" ఈన్నే పెద్దమ్మా, ఈ ఇంట్లోనే, అన్నాను.

ఏప్రిల్ 2
దారం దొరికింది. దుర్భిణిలో అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి లక్కతో అంటించాను.

ఏప్రిల్ 14
హంద్రి నది ఇసుకలో, ఢిల్లీవాళ్ళ ముందు పరీక్ష. ఎండకు గాలి ఉడుకుతోంది. అవతలి గట్టున సున్నం బొట్లు పెట్టిన కుండ. సిపాయి మొదటి తూటా తప్పింది. రెండోదానికి కుండ పెంకులైంది. మళ్ళీ పెట్టారు. మళ్ళీ పగిలింది. పెద్ద అధికారి భుజం తట్టాడు.

ఏప్రిల్ 20
డబ్బు మంజూరైంది! ప్రిన్సిపాల్ గారు తలుపు మూసి మరీ చెప్పారు. ఇకనుంచి ఇది దేశరక్షణ రహస్యం. కాలేజీ వెనక గదికి తాళం వేసుకుని చేయాలి. గురి కుదిరిందనీ, డబ్బొచ్చిందనీ ఎవరితోనూ అనకూడదు. ఆ మేరకు ఒక కాగితం ఇచ్చారు, సంతకం పెట్టాలి.
సహాయకుడు?
"రహస్యం కదండీ. ఒక్కరే చేసుకుంటే మేలు."

ఏప్రిల్ 21
ఫాతిమాబీ గోడ మీంచి తొంగిచూసింది. "ఏమాయె సారూ? దుడ్లిచ్చిరా?"
సంతకం ఇంకా పెట్టలేదు. అయినా, ఏం లేదు పెద్దమ్మా, అన్నాను.
ముఖం చిన్నబోయింది. "పోనీలే నాయనా. నీ పని వాళ్ళకేం తెలుస్తాది." కాసేపటికి బొరుగులు నానబెట్టి ఉగ్గాని కలిపి తెచ్చింది, పక్కన బజ్జీలు. తినేదాకా ఎదురుగానే కూర్చుంది. "దిగులుపడొద్దు, ఇంగొకసారి ఇస్తారులే" అంటూనే ఉంది. గెలిచాను పెద్దమ్మా అనలేక, తల వంచుకుని తిన్నాను.
సంతకం పెట్టని ఆ కాగితం జేబులోనే ఉంది. రేపు పదింటికి ప్రిన్సిపాల్ గారికి ఇవ్వాలి.